ఉప్పుటేటి అవతలి లాంతరు

మొన్న మా శైలజ వచ్చి రెండు పూటలు నా దగ్గరుండి వెళ్ళింది. మా పిన్ని కూతురి కూతురు. నన్ను పెద్దమ్మా అంటుంది. ఎక్కడో కొండ మీద పెద్ద టెలిస్కోపు ఉన్నచోట ఉద్యోగం. ఏం పని అని ఎవరైనా అడిగితే "గ్రహాలు వెతుకుతాం" అంటుంది. అది విని మా ఎదురింటావిడ ఆ పూటే మనవడి జాతకం పట్టుకొచ్చింది. నేను మామిడికాయ ముక్కలు వేసి చేపల పులుసు పెట్టాను. పిల్ల ఇష్టంగా తిని, చెయ్యి కడుక్కుని, లాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టింది. తెర మీద చుక్కలు చుక్కలుగా ఒక గీత. తిన్నగా పోతూ పోతూ ఒకచోట చిన్న గుంటలోకి దిగి, మళ్ళీ పైకొచ్చి, ఏమీ ఎరగనట్టు సాగిపోయింది. "ఈ గుంటే పెద్దమ్మా మాకు కావాల్సింది. ఇది ఒక నక్షత్రం వెలుగు. దాని చుట్టూ తిరిగే గ్రహం మనకూ దానికీ మధ్యలోకి వచ్చినప్పుడు వెలుగు ఈ కాస్త తగ్గింది. గ్రహం మనకు కనిపించదు. వెలుగు తగ్గడమే కనిపిస్తుంది" అంది.

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని. "ఊఁ, తెలుసులే" అని తలూపితే సరిపోయేది. కానీ ఆ గుంటను చూస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పిల్ల అది గమనించకుండా చెప్పుకుపోతోంది. ఎంత తగ్గిందో చూస్తే గ్రహం ఏపాటిదో తెలుస్తుందట. ఎన్నాళ్ళకొకసారి తగ్గుతుందో చూస్తే దాని ఏడాది ఎంతో తెలుస్తుందట. "దాని దారి మన చూపుకు సరిగ్గా అడ్డం రాకపోతేనో?" అని అడిగాను. "అప్పుడు అది ఉన్నా లేనట్టే. అడ్డం రావడం మన అదృష్టం" అంది. "మా అమ్మకు ఆ అదృష్టం ఉండింది. మీ అమ్మమ్మను మా అమ్మ ఇట్లాగే చూసేది" అన్నాను. అది నోరు తెరిచి, లాప్‌టాప్ మూసి, చెప్పమని కూర్చుంది. మొదలుపెట్టాను గానీ నాకు ఏదీ తిన్నగా చెప్పే అలవాటు లేదు. అసలు సంగతి రాకముందే దాని బస్సు వేళ అయింది. చెప్పకుండా మిగిలింది గుండెలో బరువుగా ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు సముద్రానికి దగ్గరే, కానీ సముద్రం కనిపించదు. వాసన మాత్రం వచ్చేది. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. కరెంటు స్తంభాలు ఇంకా మా వైపు తొంగిచూడలేదు. మా ఇల్లు ఊరి చివర, తూర్పు ముఖం. ముందు మొగలి పొదల కంచె, దాని అవతల బురద నేల, ఆ పైన ఉప్పుటేరు. ఏటికి అవతల మళ్ళీ బురద, దాని వెనక పిన్ని వాళ్ళ ఊరు. పొద్దున పెరట్లో ఉడకేసిన వడ్ల వాసన, మధ్యాహ్నం గాలి తిరిగితే ఎండుచేపల వాసన, పొద్దుగూకితే కిరసనాయిలు వాసన. మాకు లాంతరు వెలిగించాకే అన్నాలు. అందుకని ఇప్పటికీ ఎక్కడైనా కిరసనాయిలు వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

లాంతరు మా అవ్వ సొత్తు. అవ్వ అంటే నాయన తల్లి. గాజుబుడ్డిని బూడిదతో తోమి, గుడ్డతో తుడిచి, వత్తి కత్తిరించి, వసారా గోడలో ఏటివైపు చూసే గూట్లో పెట్టేది. వెలిగించిన క్షణం నుంచీ ఆవిడ చట్టాలు అమల్లోకి వచ్చేవి. ఊడవకూడదు. తల దువ్వుకోకూడదు. పొరుగువాళ్ళకు ఉప్పు ఇవ్వకూడదు. అన్నిటికన్నా పెద్ద చట్టం, దీపానికి అడ్డం నడవకూడదు. "లక్ష్మి దీపాన్ని చూసుకోని వస్తా ఉంటాది. నీ వీపు అడ్డం పెడితే ఎవరిల్లో ఏమోనని ఎనక్కి పోతాది" అనేది. మేమంతా గూటి కిందుగా వంగి, గోడవారగా నడిచేవాళ్ళం. మా పిల్లి కూడా అక్కడ వంగే నడుస్తుందని నాయన ఎగతాళి చేసేవాడు. చేసేవాడే గానీ ఆయనా వంగేవాడు.

అమ్మ పేరు రమణమ్మ, పిన్ని పేరు కామాక్షి. తల్లి చిన్నప్పుడే పోతే పిన్నిని అమ్మే పెంచింది. పెళ్ళీడు వచ్చాక ఎన్నో సంబంధాలు కాదని, పట్టుబట్టి ఏటి అవతల ఊళ్ళో ఇప్పించింది. కళ్ళెదుట ఉంటుందని ఆశ. పెళ్ళయిన మొదట్లో అట్లాగే ఉండింది. ఆటుకు ఏట్లో నీళ్ళు తీసినప్పుడు పిన్ని చీర ఎగగట్టుకుని బురదలో నడిచి వచ్చేది, మళ్ళీ పోటు వచ్చేలోపు వెళ్ళిపోయేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుంటే ఒకరు మాట మొదలుపెట్టడం, ఇంకొకరు ముగించడం. నాకు పేలు చూసే నెపంతో ఇద్దరూ నా నెత్తి మీదుగా మాట్లాడుకునేవాళ్ళు. ఆ వేళ్ళు ఎవరివో నాకు తెలిసేది. అమ్మవి గరుకు, పిన్నివి చల్లన.

దాన్నంతా ఒక ఎద్దు చెడగొట్టింది. పాపం, ఎద్దును ఎందుకు అనాలి. నాట్లప్పుడు పిన్ని భర్త, మా చిన్నాయన, మా ఎద్దుల జతను అడిగితే నాయన ఇచ్చాడు. తిరిగి తోలుకొచ్చేటప్పుడు ఆయన వంతెన మీదుగా చుట్టు తిరిగి రావడానికి బద్ధకించి అడ్డంగా ఏట్లో దించాడు. బురదలో దిగబడి ఒకదానికి కాలు మెలిపడింది. "నా తప్పయింది బావా" అంటే పోయేది. "అది ముందే కుంటతా ఉండింది" అన్నాడు. మా నాయన తన్ను ఏమన్నా పడతాడు, ఎద్దును అంటే పడడు. వసారాలో నిలబడి అరిచాడు: "ఆ ఇంటి గడప తొక్కినోళ్ళు మళ్ళా నా గడప తొక్కే పన్లేదు." అక్కడ పిన్ని అత్తగారు ఇంతకు రెండింతలు అన్నదట. పది రోజుల్లో ఎద్దు మామూలుగా నడిచింది. మగవాళ్ళిద్దరూ మాత్రం కుంటుతూనే ఉన్నారు. పండక్కి పిలుపు లేదు, మంచికీ చెడ్డకీ కబురు లేదు. అమ్మ నాయనతో వాదించలేదు. వాదించి ఉంటే బాగుండేదని నాకిప్పుడు కోపం వస్తుంది. ఆ రోజుల్లో వాదించిన ఆడవాళ్ళను నేను చూడలేదు.

పొద్దుగూకాక అమ్మ మొగలి కంచె దగ్గరికి పోయి నిలబడడం ఎప్పుడు మొదలైందో తెలీదు. ఆరేసిన బట్టలు తీసే నెపం. నేనూ వెనకే పోయేదాన్ని. ఏటి అవతల తాటితోపు పక్కన మొదటి వెలుగు పిన్ని వాళ్ళది. వాళ్ళ లాంతరు వసారా దూలానికి మనిషి తల ఎత్తులో వేలాడేది. వంటింటి నుంచి గొడ్ల కొట్టానికి పోవాలంటే దాని ముందు నుంచే పోవాలి. ఆ కొట్టం ఇంటికి అటుపక్కన ఉండుంటే ఈ కథే లేదు. అంత దూరంలో మనిషి కనిపించదు. చుక్కంత వెలుగు ఉన్నట్టుండి మూసుకునేది, మళ్ళీ తెరుచుకునేది. "అదిగో, మీ పిన్ని కుడితి తీసకపోతా ఉండాది" అనేది అమ్మ. పిన్నేనని ఎట్లా తెలుసని అడిగాను. "వాళ్ళత్త పొట్టి. ఆమె నెత్తి దీపానికి అందదు. మీ చిన్నాయన ఉరుకుతాడు, ఇట్టా మూసి అట్టా తెరిచినట్టుంటాది. ఇది నా చెల్లెలు. బొక్కెన బరువుకి నిదానంగా నడస్తాది" అంది. కాసేపటికి వెలుగు మళ్ళీ ఒకసారి మూసుకునేది, తిరిగి వస్తోందన్నమాట. అంతటితో పని అయిపోవాలి. కానీ రోజూ ఇంకోసారి పోయి వచ్చేది. "మళ్ళా ఏందో మరిచింది. చిన్నప్పటినించీ మతిమరుపు దానికి" అని అమ్మ నవ్వేది. ఆ నవ్వు ఇంట్లోకి వచ్చేదాకా మొహం మీద ఉండేది. ఆ కాస్త నవ్వు కోసం నేనూ రోజూ కంచె దగ్గర కాచుకుని ఉండేదాన్ని.

ఒక వానాకాలం తర్వాత అమ్మ చూపు మారింది. దీపం మూసుకున్నప్పుడు చీకటి నిలిచే సేపు పెరిగిందంది. నాకేం తేడా తెలియలేదు. ఇంకొన్నాళ్ళు చూసి, గాజుల మస్తాను వచ్చినప్పుడు పక్కకు పిలిచింది. మస్తాను గాజుల మలారం భుజాన వేసుకుని మా ఊరూ, ఆ ఊరూ తిరిగేవాడు. "మస్తానన్నా, ఏటవతల మా కామాక్షికి పచ్చ గాజులు రెండు చేతులకూ నిండుగా తొడుగు. నేనిచ్చినట్టు చెప్పబాక, వాళ్ళత్త పగలగొడతాది. నువ్వే మామూలుగా బేరానికి పోయినట్టు పో" అంది. "పచ్చ గాజులా? కడుపుతో ఉండాదామ్మా? ఆ ఊళ్ళో ఎవరూ అనలేదే" అన్నాడు ఆయన. "నేను చెప్తా ఉండా గదా" అంది అమ్మ. తర్వాత తిరిగొచ్చిన మస్తాను వసారా మెట్టు మీద కూర్చుని అమ్మ వైపు అనుమానంగా చూశాడు. "ఆరో నెలంట తల్లీ. నీకు ఎవురు చెప్పినారు?" అమ్మ లోపలికి పోయి ఆయనకు చేటెడు మొలగొలుకుల బియ్యం తెచ్చి జోలెలో పోసింది. ఇది చెబితే శైలజ మోకాలి మీద చరుచుకుంది. వాళ్ళు కూడా గుంట కనిపించగానే నమ్మరట. వేరే దారిలో ఎవరో ఒకరు చూసి అవునంటేనే గ్రహం కింద లెక్కట.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. పిన్నికి పుట్టిల్లంటే అమ్మే. మా ఇంట్లో మధ్యగది ఖాళీగా ఉండింది, నులకమంచం కొత్తగా అల్లించి ఉండింది. అమ్మ శొంఠి, వెల్లుల్లి, పాతబెల్లం సిద్ధం చేసుకుని అటక మీద దాచింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ నాయనతో మెల్లగా అంది: "దానికి నెలలు నిండతా ఉండాయి." నాయన కంచంలోంచి తలెత్తలేదు. "వాళ్ళొచ్చి అడగనీ" అన్నాడు. వాళ్ళు రాలేదు. సాయంత్రాల్లో చీకటి ఇంకా ఇంకా నిదానమైంది. అప్పుడు కూడా ఆ రెండో నడక మానలేదు. "ఈ కడుపుతో ఏం మరిచిపోతావే, ఒక్కసారికే చేసుకోరాదా" అని అమ్మ కంచె దగ్గర నిలబడి గాలితో కసురుకునేది.

ఒకనాడు దీపం మూసుకోలేదు. వెలుగుతోంది, నిలకడగా, ఎవరూ అడ్డం రాకుండా. మర్నాడూ అంతే. అప్పటిదాకా చీకటి పడితే భయపడే పిల్లను నేను, ఆ వెలుగును చూసి భయపడ్డాను. అమ్మ చెయ్యి నా భుజాన్ని పట్టుకుని నొక్కుతోంది, ఆమెకు తెలియకుండానే. ప్రసవమై ఉండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు. ఆ రోజుల్లో కాన్పుకి పోయిన మనిషి తిరిగొస్తే గొప్ప. మూడోనాడు తెల్లారగానే అమ్మ అటక మీది మూట దించి, చీర ఎగగట్టి, నా చెయ్యి పట్టుకుని ఏట్లో దిగింది. నాయన వసారాలోనే ఉన్నాడు. ఎక్కడికని అడగలేదు, వద్దనీ అనలేదు. బురద మోకాళ్ళ దాకా వచ్చింది. అమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

పిన్ని బతికే ఉంది. మూల గదిలో, కుంపటి పొగలో, పక్కన గుడ్డల్లో చుట్టిన ఆడపిల్లతో పడుకుని ఉంది. ఆ పిల్లే శైలజ వాళ్ళమ్మ. పిన్ని మొహంలో రక్తం లేదు. వాళ్ళత్త గుమ్మంలో నిలబడి "ఇప్పుడు గుర్తొచ్చిందా చెల్లెలు" అంటూనే పక్కకు తప్పుకుంది. అమ్మ పోయి మంచం పట్టె మీద కూర్చుంది. పిన్ని గోడవైపుకు తిరిగింది. నేను పిల్ల గుప్పిట్లో నా వేలు పెట్టి ఆడుకుంటున్నాను. పిన్ని గోడతోనే అన్నట్టు అంది:

"మా దీపం కనపడతాదా మీకు?"

"రోజూ చూస్తానే ఉండా కామీ. నువ్వు కుడితి తీసకపొయ్యేది, వచ్చేది..."

"మళ్ళా పొయ్యేది?"

"ఏందో మర్చిపోయినావనుకుంటి."

"ఏం మర్చిపోలా." పిన్ని ఇటు తిరిగింది. "రెండోసారి వొట్టి చేతుల్తో పొయ్యేదాన్ని. నీకోసరం. దీపానికి అడ్డం తిరగబాకని మా అత్త రోజూ తిట్టేది. తిట్టినా పోయినా. మా అక్క ఆడ నిలబడుంటాది, చూస్తాది అని. మీ దీపం ఒక్కనాడు గూడా మినకలా అక్కా. రాయి మాదిరి ఉండె. ఒక్కసారన్నా లేచి దాని ముందర నడవలేకపోయినావా?"

"మా అత్త ఒప్పుకోదు" అని అమ్మ అనొచ్చు. అది నిజమే. కానీ అమ్మ అబద్ధాలు చెప్పలేని మనిషి, నిజాన్ని కూడా సాకుగా వాడుకోలేని మనిషి. "నాకు తోచలేదే" అంది. "నువ్వు గూడా చూస్తా ఉంటావని తోచలేదే కామీ." పిన్ని రెండు చేతులకూ పచ్చ గాజులున్నాయి. అవి నేనే పంపినానని అమ్మ అప్పుడు చెప్పలేదు. శొంఠి అరగదీసి, వెల్లుల్లి వేయించి, తనే పత్యం అన్నం కలిపి ముద్దలు పెట్టింది. పిన్ని ఏడుస్తూనే తిన్నది.

మేం తిరిగి ఇల్లు చేరేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. గడప దగ్గర అమ్మ ఆగిపోయింది, నాయన మాట గుర్తొచ్చి. నాయన ఎటో చూస్తున్నాడు. అవ్వ నీళ్ళబిందెతో బయటికొచ్చింది. "పురిటింటినించి వస్తా ఉండావు, ఆణ్ణే నిలబడు" అని అమ్మ నెత్తిన నీళ్ళు గుమ్మరించి, "ఏం బిడ్డ?" అని అడిగి, రెక్క పట్టుకుని గడప దాటించింది. నాయన ఆ పూట అన్నంలోకి మజ్జిగ కూడా అడగలేదు. ఆ సాయంత్రం అవ్వ లాంతరు గూట్లో పెట్టి తమలపాకులు దంచుకుంటోంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, నిటారుగా, దీపం ముందు నుంచి ఆ కొసదాకా నడిచింది. మళ్ళీ ఈ కొసకు నడిచింది. అవ్వ రోకలి ఆగింది. కాసేపటికి రోకలి మళ్ళీ మొదలైంది. మైల తీరేదాకా పిన్ని బయటికి రాదని తెలుసు. అవతలి దీపం రాయిలాగే ఉంది. అయినా అమ్మ రోజూ నడిచింది.

ఏళ్ళు గడిచాక నాయనా చిన్నాయనా ఎవరిదో పెళ్ళి పందిట్లో పక్కపక్కన కూర్చుని, ఏమీ జరగనట్టు, వానల గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కరెంటు వచ్చింది. ఏటి అవతల ఒక్కసారిగా బోలెడు బల్బులు. ఏది ఎవరిదో పోల్చుకోవడం అమ్మ వల్ల కూడా కాలేదు. రాకపోకలు మొదలయ్యాయి గనక ఇక అవసరం లేదు, అయినా అమ్మ ఆ కొత్త వెలుగును తిట్టుకుంది. ఇప్పుడు అమ్మా లేదు, పిన్నీ లేదు. ఆ తర్వాత పుట్టిన నా చెల్లెలు హైదరాబాదులో ఉంది. రోజూ ఫోన్లో దాని మొహం చూస్తాను. తెల్లచీర కట్టిందో ఎర్రచీర కట్టిందో, పళ్ళు కట్టించుకుందో లేదో అన్నీ కనిపిస్తాయి. చూస్తూనే ఇద్దరం కూర చల్లారిపోతోందని ఫోను పెట్టేస్తాం. దాని నడక ఎట్లా ఉంటుందో ఇప్పుడు నాకు తెలీదు. మోకాళ్ళ నొప్పులని ఎవరో చెబితే తెలిసింది. అమ్మకైతే ఎవరూ చెప్పక్కర్లేకపోయేది. ఇది తలుచుకుంటే నాకు అమ్మ మీద అసూయగా ఉంటుంది, ఆ కంచె దగ్గరికి పోయి ఆమె పక్కన నిలబడాలని ఉంటుంది.

శైలజకు చెప్పకుండా మిగిలిపోయింది పిన్నికి మైల తీరిన సాయంత్రం. నాయన వసారాలో అన్నానికి కూర్చున్నాడు. అవ్వ పక్కన విసనకర్ర విసురుతోంది. నేనూ అమ్మా కంచె దగ్గర ఉన్నాం. అవతలి దీపం మూసుకుంది. తెరుచుకుంటుందని చూశాం. తెరుచుకోలేదు. మనిషి దాటిపోయేంత సేపు అయింది, బొక్కెన మోసే మనిషి దాటేంత సేపూ అయింది, అయినా చీకటిగానే ఉంది. దీపం ఆరిపోయిందేమోనని నేను అమ్మ మొహం చూశాను. అమ్మ మొహం విప్పారుతోంది. "నిలబడింది పాపా" అంది. "బిడ్డనెత్తుకోని దీపానికి అడ్డంగా నిలబడింది." అంటూనే వసారాలోకి పరుగెత్తి, మా గూటి ముందు, వీపు గోడకానించి నిలబడిపోయింది. వసారా అంతా చీకటైంది. నాయన ముద్ద చేతిలో పట్టుకుని, "ఏంది మే, కంచం కనపడలా, దీపానికేమైంది?" అన్నాడు.

అమ్మ కదల్లేదు. చీకట్లోంచి అవ్వ గొంతు వినిపించింది.

"ఏం కాలా. తడువుకోని తినరా. వాళ్ళు మాట్లాడుకుంటా ఉండారు."